ధరకు పగ్గం తీశాక పహరా ఎవరిది?

(జాతీయ వినియోగదారుల దినోత్సవం సందర్భంగా కావలిలో జరిగిన సభలో, ఓ చమురు కంపెనీలో ఫీల్డు ఆఫీసరుగా పనిచేసి రిటైరైన వక్త చేసిన ప్రసంగం. మాట తీరు అలాగే ఉంచి, పునరుక్తులు మాత్రం తీసేశాం.)

వేదిక మీదున్న పెద్దలకు, ముందు వరుసల్లో కూర్చున్న డిగ్రీ పిల్లలకు, వెనక నిలబడ్డ లారీ ఓనర్లకు, బంకు డీలర్లకు నమస్కారం. కుర్చీలు ఖాళీగా ఉన్నా డీలర్లు తలుపు దగ్గరే నిలబడ్డారు, నేను ఏదైనా అంటే జారుకోవచ్చని కాబోలు. ఫర్వాలేదు, లోపలికి రండి. ఈ రోజు మీ తరఫున కూడా నాలుగు మాటలున్నాయి.

నాకిచ్చిన అంశం "నియంత్రణ ఎత్తేసిన పెట్రోలియం మార్కెట్‌లో నియంత్రణ సంస్థ పాత్ర". నియంత్రణే ఎత్తేశాక ఇంకా సంస్థ ఎందుకండీ అని ఇందాక ఒకమ్మాయి అడిగింది. న్యాయమైన ప్రశ్న. ధర సర్కారే నిర్ణయించినంత కాలం చూడాల్సింది ఒక్కటే, ఆ ధరకే అమ్ముతున్నారా లేదా అని. ధర వదిలేశాక చూడాల్సినవి బోలెడు. కంపెనీలు కూడబలుక్కున్నాయా, పెద్దోడు నష్టానికి అమ్మి చిన్నోణ్ణి తరిమేస్తున్నాడా, కొత్తగా వచ్చినవాడికి పైపులైనూ ట్యాంకూ దొరుకుతున్నాయా, లాభం లేని మారుమూల ఊరికి ఎవరూ పోకపోతే ఏం చేయాలి. మన దేశంలో ధర వదిలేశామని ప్రకటించారు. ఇవన్నీ చూసే అధికారం మాత్రం ఒకరి చేతిలో పెట్టలేదు. నేను చెప్పదలుచుకున్నది ఇదే.

దానికంటే ముందు తడ సంగతి తేల్చేద్దాం, లేకపోతే లారీ ఓనర్లు నన్ను మాట్లాడనివ్వరు. తడ ఇప్పుడు తిరుపతి జిల్లాలోకి పోయింది గానీ మన నోటికి ఇంకా నెల్లూరే. చెన్నై పోయే లారీ డ్రైవరు తడలో డీజిల్ కొట్టించడు. ఆరంబాక్కం దాటి, తమిళనాడులో కొట్టిస్తాడు. లీటరుకు నాలుగైదు రూపాయలు మిగులుతాయి. పెట్రోలైతే ఇంకా ఎక్కువే. కారణం కంపెనీ కాదు, డీలరు అంతకంటే కాదు. మన రాష్ట్రంలో పెట్రోలు మీద వ్యాట్ 31 శాతం, ఆపైన లీటరుకు 4 రూపాయలు, రోడ్ల సెస్సు ఇంకో రూపాయి. డీజిల్ మీద 22.25 శాతం, మళ్లీ అదే 4, అదే రూపాయి. దీనికి ముందు కేంద్రం ఎక్సైజు ఎలాగూ ఉంది. ఏ నియంత్రణ సంస్థ వచ్చినా ఈ పన్నుల జోలికి పోలేదు. బంకు దగ్గర మనకొచ్చే కోపంలో సగం ఢిల్లీకీ అమరావతికీ పంపాల్సింది. మిగతా సగం గురించే నేను మాట్లాడతాను.

పిల్లల కోసం కాస్త వెనక్కి వెళ్తాను. ఎస్సో, బర్మా షెల్, కాల్టెక్స్ అని విదేశీ కంపెనీలుండేవి. 1974 నుంచి 1978 లోపు వాటిని ప్రభుత్వం తీసుకుని హిందుస్థాన్ పెట్రోలియం, భారత్ పెట్రోలియం అని చేసింది. ఇండియన్ ఆయిల్ అప్పటికే ఉంది. ధరలన్నీ ఢిల్లీలో నిర్ణయమయ్యేవి. ఆయిల్ పూల్ అకౌంటు అని ఒక పద్దు. ఒక సరుకు మీద ఎక్కువ వసూలు చేసి అందులో వేయడం, కిరోసిన్ లాంటి దాని మీద వచ్చే లోటు అందులోంచి పూడ్చడం. 2002 ఏప్రిల్ 1న ఆ విధానం రద్దయింది, పద్దు మూసేశారు. కాగితం మీద అంతటితో స్వేచ్ఛ వచ్చేసినట్టే.

ఆ కాగితాన్ని నమ్మి ప్రైవేటు కంపెనీలు దిగాయి. రిలయన్స్ జాతీయ రహదారుల పొడవునా పెద్ద పెద్ద బంకులు కట్టింది. డ్రైవర్లకు స్నానాల గదులు, భోజనం, మంచాలు. అంతలో క్రూడ్, అదే ముడి చమురు, ధర ఎగబాకింది. ప్రభుత్వ కంపెనీలను ధర పెంచనివ్వలేదు, వాటి నష్టానికి బదులు ప్రభుత్వం ఆయిల్ బాండ్లు, అంటే తర్వాత చెల్లిస్తామన్న పత్రాలు, ఇచ్చింది. ప్రైవేటువాళ్లకు ఆ బాండ్లు లేవు. వాళ్ల లీటరు ఖరీదైపోయింది, పక్కన ప్రభుత్వ కంపెనీ బంకులో చౌక. 2008లో రిలయన్స్ దేశమంతా ఉన్న తన బంకులు, 1,400కు పైగా, మూసేసింది. అంత పెద్ద కంపెనీ కాబట్టి తట్టుకుని తర్వాత తిరిగొచ్చింది. ఆ స్థానంలో ఓ మోస్తరు కంపెనీ ఉండుంటే?

తర్వాత పెట్రోలు ధర 2010 జూన్‌లో, డీజిల్ ధర 2014 అక్టోబరులో కంపెనీలకు వదిలేశారు. 2017లో రోజువారీ ధరలు వచ్చాయి. ముందు ఐదు నగరాల్లో పరీక్షగా పెట్టారు, అందులో మన విశాఖపట్నం ఒకటి. జూన్ 16 నుంచి దేశమంతా. అంతకు ముందు "అర్ధరాత్రి నుంచి పెట్రో ధరల పెంపు" అని టీవీలో స్క్రోలింగ్ రాగానే బంకుల ముందు బళ్లు బారులు తీరేవి, గుర్తుందిగా? అది పోయింది. ఉదయం ఆరింటికి ధర మారేది, పావలానో అర్ధరూపాయో, ఎవరికీ పట్టేది కాదు. ఆ ఒక్కటి నిజంగా మంచి మార్పు.

ఇక బోర్డు సంగతి. పెట్రోలియం అండ్ నేచురల్ గ్యాస్ రెగ్యులేటరీ బోర్డు. 2006లో చట్టం, 2007 అక్టోబరులో బోర్డు. ఆ చట్టంలో బోర్డు పనులన్నీ 11వ సెక్షన్‌లో రాశారు. చదివితే ముచ్చటేస్తుంది. పోటీని పెంచి వినియోగదారుణ్ణి కాపాడాలి, సరుకు చాలినంత దొరికేలా చూడాలి, గరిష్ఠ ధర బంకులో రాసి కనిపించేలా చూడాలి, ధరల మీద కన్నేసి కుమ్మక్కు వ్యాపారాన్ని అడ్డుకోవాలి. అయితే ఈ ధరలూ సరఫరాల పనులకు ముందు చిన్న మెలిక ఒకటుంది, "నోటిఫై చేసిన" ఉత్పత్తుల విషయంలో అని. ఏ సరుకును అలా ప్రకటించాలో కేంద్రం ఇష్టం. కాబట్టి బోర్డు చేతికి నిండుగా వచ్చిన పని పైపులైన్లు, ఊళ్లలో గ్యాస్ పంపిణీ. అక్కడ కూడా తంటాలే. గ్యాస్ లైసెన్సులు ఇచ్చే 16వ సెక్షన్‌ను మిగతావాటితో పాటు అమల్లోకి తేలేదు. ఆ సెక్షన్ లేకుండా నీకు అధికారమెక్కడిదని 2010 జనవరిలో ఢిల్లీ హైకోర్టు అడిగింది. ఆ జూలైలో సెక్షన్ అమల్లోకి వచ్చింది. 2015లో ఇంద్రప్రస్థ గ్యాస్ కేసులో సుప్రీంకోర్టు ఇంకో మాట చెప్పింది, కంపెనీ తన సొంత గొట్టాల ద్వారా తన ఖాతాదారుకు అమ్ముకునే గ్యాస్‌కు రేటు కట్టే అధికారం బోర్డుకు లేదని. చట్టంలో రాయలేదు కాబట్టి లేదు, అంతే. కోర్టును తప్పు పట్టడానికేం లేదు.

మరి పెట్రోలు, డీజిల్? కొత్త కంపెనీ బంకులు పెట్టుకోవాలంటే అనుమతి మంత్రిత్వ శాఖ ఇస్తుంది. 2019 నవంబరులో ఆ నిబంధనలు సడలించిందీ మంత్రిత్వ శాఖే. అంతకు ముందు 2,000 కోట్ల పెట్టుబడి చూపించాల్సి ఉండేది. ఇప్పుడు 250 కోట్ల నెట్‌వర్త్, అంటే అప్పులు పోను మిగిలే ఆస్తి, చాలు, కనీసం 100 బంకులు పెట్టాలి, అందులో 5 శాతం మారుమూల ప్రాంతాల్లో ఉండాలి. మంచి నిబంధనలే. కానీ దేశంలో పది బంకులుంటే తొమ్మిది ప్రభుత్వ రంగ కంపెనీలవి. ఆ కంపెనీల్లో ఇండియన్ ఆయిల్, భారత్ పెట్రోలియంలలో పెద్ద వాటాదారు ప్రభుత్వం. హిందుస్థాన్ పెట్రోలియంలో ఓఎన్‌జీసీ, దాని వెనక మళ్లీ ప్రభుత్వమే. పోటీకి వచ్చేవాడికి అనుమతి ఇచ్చేది ఆ ప్రభుత్వంలోని శాఖే. ఒంగోలు జాతి ఎడ్ల బండలాగుడు పోటీలో కొలత టేపు పట్టుకున్నవాడిదే ఒక జత అయితే, కొలత సరిగ్గానే కొలిచినా చూసేవాళ్లు ఒప్పుకుంటారా?

ఇది గాల్లో మాట కాదు, 2022లో అందరం చూశాం. ఆ సంగతి కాస్త వివరంగా చెప్పాలి. 2021 నవంబరులో దీపావళి ముందు రోజు ఎక్సైజు తగ్గించారు. ఆ తర్వాత ఉత్తరప్రదేశ్ వగైరా ఎన్నికలు. రోజూ మారాల్సిన ధర 137 రోజులు కదల్లేదు. మధ్యలో ఉక్రెయిన్ యుద్ధం మొదలైంది, క్రూడ్ మండిపోయింది, ఇక్కడ మాత్రం అదే ధర. ఎన్నికలు అయ్యాక మార్చి 22న మొదలుపెట్టి 16 రోజుల్లో 10 రూపాయలు పెంచారు. ఏప్రిల్ 6 తర్వాత మళ్లీ ఆగిపోయింది. బల్క్‌గా, అంటే ట్యాంకర్ల కొద్దీ, కొనేవాళ్లకు మాత్రం లీటరుకు 25 రూపాయల దాకా ఎక్కువ. ఏమవుతుంది? డిపోలో సొంత ట్యాంకున్న ఆర్టీసీ కూడా బస్సుల్ని రోడ్డు పక్క బంకులకు తోలింది. బల్క్‌గా కొనే ఫ్యాక్టరీలూ అదే దారి. ప్రైవేటు బంకుల్లో కొన్ని ధర పెంచాయి, కొన్ని అమ్మకం తగ్గించాయి, కొన్ని "నో స్టాక్" బోర్డు పెట్టుకుని కూర్చున్నాయి. ఆ రద్దీ అంతా ప్రభుత్వ కంపెనీల బంకుల మీద పడింది. మన జిల్లాలో ఆ వేసవిలో డీలర్లు డబ్బు కట్టి ఇండెంట్, అదే సరుకు ఆర్డరు, పెట్టి ట్యాంకర్ కోసం ఎదురుచూశారు. వెనక తలుపు దగ్గర తలలు ఊగుతున్నాయి, చూడండి.

జూన్ 17న మంత్రిత్వ శాఖ ఒక ఆదేశం ఇచ్చింది. లైసెన్సు తీసుకున్న ప్రతి కంపెనీ తన బంకులన్నిటిలో, నిర్ణీత వేళలంతా, సరైన ధరకు సరుకు అమ్మి తీరాలని. సర్వీసు బాధ్యత అన్నమాట. ప్రైవేటువాళ్లు లాభం ఉన్నప్పుడు తెరిచి, లేనప్పుడు మూసుకుంటామంటే కుదరదనడం న్యాయమే. కానీ వాళ్ల ప్రశ్న కూడా న్యాయమైనదే. పక్క బంకు ఖర్చు కంటే తక్కువకు అమ్ముతుంటే, ఆ నష్టాన్ని ఎవరో తర్వాత పూడుస్తారని ధీమాగా ఉంటే, మేమెలా అమ్మాలి? ఈ రెండు ప్రశ్నల్నీ ఒకే బల్ల ముందు కూర్చోబెట్టి విని, లెక్కలు తెప్పించుకుని, కారణాలు రాసి తీర్పు ఇవ్వడం నియంత్రణ సంస్థ పని. ఇక్కడ ఒక పక్షాన్ని వింటూ ఆదేశం ఇచ్చింది ఇంకో పక్షానికి యజమాని.

ఆ తర్వాతి లెక్క చూడండి. 2022 ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా మూడు ప్రభుత్వ కంపెనీలకు కలిపి 21 వేల కోట్లకు పైగా నష్టం. 2023-24లో 80 వేల కోట్లకు పైగా లాభం. క్రూడ్ దిగింది, బంకులో ధర దిగలేదు. 2024 మార్చిలో, లోక్‌సభ ఎన్నికల ముందు, 2 రూపాయలు తగ్గింది. 2025 ఏప్రిల్‌లో ఎక్సైజు 2 రూపాయలు పెంచితే బంకులో ధర కదల్లేదు. అంటే కంపెనీలకు మిగిలే దాంట్లోంచి సర్దుకున్నారు. పెరిగినప్పుడు మనల్ని కాపాడారు, దిగినప్పుడు ఆ బాకీ వసూలు చేసుకున్నారు అని వాదించొచ్చు. తప్పుడు వాదన కాదు. కానీ ఎంత కాపాడారు, ఎంత వసూలు చేశారు, బాకీ ఎప్పుడు తీరింది అని లీటరు లెక్కన చెప్పినవాడు లేడు. కంపెనీలు బంకులో ధరను క్రూడ్‌తో కాకుండా విదేశీ మార్కెట్‌లో పెట్రోలు, డీజిల్ ధరలతో ముడిపెడతాయి. దిగుమతి ధరకు 80 పాళ్లు, ఎగుమతి ధరకు 20 పాళ్లు. సూత్రం ఉంది కాబట్టి లెక్క కట్టడం కష్టం కాదు. కట్టి నెలనెలా గోడకు అతికించే బాధ్యత ఎవరికీ లేదు.

ఆస్ట్రేలియా పశ్చిమ రాష్ట్రంలో 2001 నుంచి ఒక పద్ధతుంది. రేపు ఎంతకు అమ్ముతారో ప్రతి బంకూ ఇవాళ మధ్యాహ్నం రెండు గంటలకల్లా సర్కారుకు చెప్పాలి. ఆ ధర మరుసటి రోజు ఉదయం ఆరు నుంచి 24 గంటలు మార్చకూడదు. జనం ముందే చూసుకుని చౌక బంకుకు పోతారు. సర్కారు ధర కట్టలేదు, ధర దాచకుండా చూసింది, అంతే. మనకూ ఉదయం ఆరే. కానీ మూడు కంపెనీల మధ్య తేడా పైసల్లో ఉంటే ముందే చూసి ఏం లాభం?

ఫిలిప్పీన్స్ వాళ్లది ఇంకో అనుభవం. 1996లో నియంత్రణ ఎత్తేస్తూ చట్టం చేశారు. అందులో క్రూడ్ మీద 3 శాతం సుంకం, తయారైన సరుకు మీద 7 శాతం. రిఫైనరీలున్న మూడు కంపెనీలకు అది వరం, బయట నుంచి సరుకు తెచ్చి అమ్మాలనుకునే కొత్తవాడికి గోడ. కొత్తవాడు పెద్ద నిల్వ ఉంచుకోవాలని కూడా పెట్టారు. 1997 నవంబరులో అక్కడి సుప్రీంకోర్టు, ఇది పోటీ కాదు పొమ్మని ఆ చట్టాన్ని కొట్టేసింది. 1998లో మళ్లీ రాసుకున్నారు. మన దగ్గర అలాంటి గోడలు చట్టంలో రాసిలేవు. సరుకు నిల్వ చేసే టెర్మినళ్లూ, పైపులైన్లూ ఎవరివో చూస్తే కనిపిస్తాయి. పైపులైను ఖాళీని ఇతరులకు ఇవ్వాలన్న నియమం అమలు చేసే పని బోర్డు చేతిలో ఉంది. అది గట్టిగా చేస్తే చాలు, ధర జోలికి పోకుండానే సగం పోటీ వస్తుంది.

ఇప్పుడు బంకు దగ్గరికొద్దాం. నేను బతుకంతా ఉన్నది అక్కడే. ఒక లీటరు సరిగ్గా లీటరేనా అని చూడ్డానికి ఎన్ని ఆఫీసులో తెలుసా? కొలత తూనికలు కొలతల శాఖది. పంపుకు ఏడాదికోసారి సీలు వేయాలి. కల్తీ చూసేది 2005 నాటి కంట్రోల్ ఆర్డరు కింద పౌర సరఫరాల వాళ్లు. పేలుడు భద్రత పెసో అనే కేంద్ర సంస్థ వాళ్లది. స్థలానికి అభ్యంతరం లేదనే ఎన్‌వోసీ కలెక్టరాఫీసులో. ఇవన్నీ కాక కంపెనీ ఫీల్డు ఆఫీసరు, అంటే నాలాంటివాడు. అసలు చిక్కు నాతోనే. నెలాఖరుకు అమ్మకం టార్గెట్ అడిగేది నన్నే, అదే బంకును తనిఖీ చేసి తప్పు రాయాల్సిందీ నేనే. టార్గెట్ తెచ్చిపెట్టే డీలరు మీద చెయ్యి ఎంత బలంగా పడుతుందో మీరే ఊహించుకోండి. మా వాళ్లు చెడ్డవాళ్లని కాదు. ఎవణ్ణి ఆ కుర్చీలో కూర్చోబెట్టినా అంతే.

అందుకే కొన్ని మీ చేతుల్లో ఉన్నవి చెబుతాను. ప్రతి బంకులో సీలు వేసిన 5 లీటర్ల కొలత క్యాను ఉండాలి. మీరు అడిగితే అందులో పట్టి చూపించాలి. 25 మిల్లీలీటర్ల దాకా తేడాను ఒప్పుకుంటారు, అంతకు మించి తగ్గితే ఆ నాజిల్ ఆపేయాలి. క్యానును చదునైన చోట పెట్టించండి, గచ్చు వాలుగా ఉంటే గీత మోసం చేస్తుంది. నురగ దిగేదాకా ఆగండి. పెట్రోలు కల్తీ అనుమానముంటే ఫిల్టర్ పేపర్ అడగండి, ఇవ్వాల్సిందే. నాజిల్ మూతిని తుడిచి ఒక్క చుక్క వేస్తే రెండు నిమిషాల్లో మరక లేకుండా ఆరిపోవాలి. డెన్సిటీ, అంటే సాంద్రత, రిజిస్టరులో పొద్దున రాసిన అంకెకూ లోడుతో వచ్చిన చలానా అంకెకూ 3 యూనిట్లకు మించి తేడా ఉండకూడదు. ఇంతా చేసినా పంపులో కొలత తగ్గించే చిప్పు పెడితే దొరకడం కష్టం. 2020లో సైబరాబాద్ పోలీసులు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ బంకుల పంపుల్లో పెట్టిన చిప్పుల గుట్టు బయటపెట్టారు. క్యాను తేగానే మీట నొక్కితే కొలత సరిపోతుంది, క్యాను పోగానే మళ్లీ మొదలు. దాన్ని పట్టింది తనిఖీ ఆఫీసులు కాదు, పోలీసులు. ఆఫీసులు ఎక్కువైతే పహరా ఎక్కువవుతుందనుకుంటాం. ఎవరికివారు పక్కవాడు చూస్తున్నాడులే అనుకోవడమే జరుగుతుంది.

డీలర్ల మాట చెబుతానన్నాను. 2022 మే 21 శనివారం సాయంత్రం ఎక్సైజు తగ్గింపు ప్రకటన వచ్చింది. పెట్రోలు మీద 8, డీజిల్ మీద 6. మరునాడు ఉదయం నుంచే అమలు. ఆ సాయంత్రమే 12,000 లీటర్ల పెట్రోలు లోడు దించుకున్న డీలరుకు ఎక్సైజు మీదే 96 వేలు పోయాయి. మనకు పండగ, ఆయనకు నిద్ర లేదు. పెరిగినప్పుడు లాభపడలేదా అంటారు, పడ్డాడు. కానీ కంపెనీకీ డీలరుకూ తగువొస్తే ఆయన చెప్పుకునేది ఆ కంపెనీకే. కమిషన్ ఎంతో కంపెనీయే చెబుతుంది. 2017 తర్వాత దాన్ని సవరించడానికి 2024 అక్టోబరు దాకా పట్టింది. వినే మూడో మనిషి ఒకడుంటే ఏడేళ్లు పట్టేదా?

సమయం అయిపోయిందని అధ్యక్షులు వాచీ చూపిస్తున్నారు. అల్లూరు నుంచి వచ్చిన రొయ్యల రైతు చీటీ పంపారు, అది చదివి ముగిస్తాను. "చెరువు దగ్గర జనరేటర్‌కు డ్రమ్ముల్లో డీజిల్ పెట్టుకుంటే కేసంటున్నారు, నిజమేనా?" అబ్బయా, చట్టం అంత కఠినంగా లేదు. డీజిల్ బి క్లాసు సరుకు, అంటే పెట్రోలంత తేలిగ్గా అంటుకోనిది. మొత్తం 2,500 లీటర్ల లోపు, ఏ ఒక్క పాత్రలోనూ 1,000 లీటర్లు మించకుండా పెట్టుకుంటే పెట్రోలియం చట్టం కింద లైసెన్సు అక్కర్లేదు. 200 లీటర్ల డ్రములు రెండు మూడు పెట్టుకోండి, షెడ్డులో ఫీడు బస్తాలకు దూరంగా, నీడన. పెట్రోలు మాత్రం 30 లీటర్లు దాటొద్దు. బిల్లు తీసుకోండి, దగ్గర పెట్టుకోండి. బయో డీజిల్ అంటూ ట్యాంకరు చెరువు గట్టుకొచ్చి పది రూపాయలు తక్కువకు పోస్తానంటే పోయించుకోవద్దు. జనరేటర్ ఇంజెక్టర్ పోతే రాత్రికి రాత్రి చెరువు నీటికి గాలి అందించే ఏరియేటర్లు ఆగుతాయి, తెల్లారేసరికి పంట తేలిపోతుంది. అప్పుడు ఫిర్యాదు చేద్దామన్నా మీ దగ్గర బిల్లుండదు.